ఆ పదకొండు వేలు మిగుల్చుకోకు చెల్లీ

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన మాటకి నాకు నిద్ర పట్టలేదు. పెద్దదాని పురిటికి డాలస్ వెళ్తున్నావు, సంతోషం. కానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో గంటా పది నిమిషాల గ్యాప్ ఉన్న టికెట్ తీసుకుంటావా? "పదకొండు వేలు తక్కువ అక్కా" అని మురిసిపోయావు చూడు, అక్కడే నా గుండె జారింది. ఆ డబ్బు వాళ్లు నీకు తగ్గించడం లేదే తల్లీ, నీ మోకాళ్ల దగ్గర వసూలు చేసుకుంటున్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కడానికి 45 నిమిషాలు చాలని విమానాలవాళ్ల లెక్క. అందుకే గంటా పదికి టికెట్ అమ్మడం వాళ్ల దృష్టిలో తప్పు కాదు. ఆ 45 నిమిషాలు ఎవరికి సరిపోతాయో చెప్పనా? భుజానికి ఒక్క బ్యాగు తగిలించుకుని, బోర్డు చూడగానే దారి పట్టేసే కుర్రాడికి. మనకెలా ఉంటుందో తెలుసుగా. విమానం ఆగీ ఆగకముందే జనం లేచి దారికి అడ్డంగా నిలబడతారు. మనమేమో ఎక్కడో వెనక వరసలో. పైన పెట్టిన బ్యాగు ఎవరో ఒకరు దించిపెట్టాలి. తలుపు దాకా వచ్చేసరికే ఇరవై నిమిషాలు హరీ. తర్వాత మళ్లీ సెక్యూరిటీ. "శంషాబాద్‌లో చేశారు కదా బాబూ" అంటే వినరు, మన దేశం నుంచి వచ్చినవాళ్లని అక్కడ ఇంకోసారి చూస్తారు. గాజులు మోగాయని పక్కకి పిలిస్తే ఇంకో ఐదు నిమిషాలు. ఆ మీదట గేటు వెతుక్కోవాలి. ఒక్క ఒకటో టెర్మినల్లోనే ఎ, బి, సి, జెడ్ అని విభాగాలున్నాయి. ఆ జెడ్ ఎక్కడో చివర ఉంటుందనుకుంటాం, తీరా చూస్తే ఎ నెత్తిమీదే, పై అంతస్తులో. ఇంతా చేస్తే గేటు, విమానం కదిలే టైముకి పావుగంటో ఇరవై నిమిషాలో ముందే మూసేస్తారు. నీ గంటా పదిలో మిగిలిందెంతో వేళ్ల మీద లెక్కపెట్టుకో.

నా మొదటి ప్రయాణం సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. సిగ్గేసి. నాదీ ఇలాంటి టికెట్టే. ఇక్కడ బయలుదేరడమే రెండు గంటలు ఆలస్యం. ఆ కంపెనీ పేరు, ఊరి పేరు ఇప్పుడెందుకులే. నేను రొప్పుకుంటూ గేటు దగ్గరికి వెళ్లేసరికి అద్దంలోంచి విమానం కనబడుతూనే ఉంది, తలుపు మాత్రం వేసేశారు. మళ్లీ బండి మర్నాడు పొద్దున్న. హోటల్ ఇస్తామన్నారు గానీ హోటల్ బయట ఉంది. నా పాస్‌పోర్టులో ఉన్నది అమెరికా వీసా ఒక్కటే, దాంతో యూరప్ గడప దాటనివ్వరు. ఒక మడత మంచం, పల్చటి దుప్పటి ఇచ్చి ఓ మూల పడుకోమన్నారు. రాత్రి రెండింటికి నేల తుడిచే యంత్రం గుర్రుమంటూ నా మంచం చుట్టూ ప్రదక్షిణ చేసింది. హ్యాండ్‌బ్యాగు తల కింద పెట్టుకుని, బీపీ మాత్ర ఏ టైముకి వేసుకోవాలో లెక్క తేలక ఏడుస్తూ కూర్చున్నాను. బావగారికి ఇప్పటికీ హోటల్లో పడుకున్నాననే తెలుసు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, యూరప్‌లో దీనికో చట్టం ఉందట. 2004లో చేసిన 261 నంబరు నిబంధన. టికెట్ మొత్తం ఒకే బుకింగ్‌లో ఉండాలి. యూరప్ కంపెనీ విమానమైతే మన దగ్గర బయలుదేరి యూరప్‌లోనే ప్రయాణం ముగించేవాళ్లకీ వర్తిస్తుంది, మనలా ఒకే బుకింగ్‌లో యూరప్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లకి మాత్రం వర్తించదట. వర్తించేవాళ్లకి ఆలస్యమైతే తిండి, రాత్రి బస కంపెనీయే చూడాలి. తప్పు కంపెనీదై, దూర ప్రయాణంలో చివరి ఊరికి నాలుగు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే 600 యూరోలు ఇవ్వాలి. మంచు తుఫానులాంటివి వస్తే డబ్బు ఇవ్వరు, అన్నం పెట్టడం మాత్రం తప్పదు. నాకు అప్పుడు ఇవేవీ తెలియవు, శాండ్‌విచ్ కూపన్ చేతిలో పెడితే దణ్ణం పెట్టి తీసుకున్నాను. ఇంకో మాట, చవగ్గా వస్తున్నాయని ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒకటి, అక్కణ్నుంచి ఇంకోటి విడివిడిగా మాత్రం కొనకు. మొదటిది ఆలస్యమైతే రెండోవాడికి నువ్వెవరో తెలియదు.

వీసా గురించి ఒక్క మాట. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో గేటు మారడానికి వేరే వీసా అక్కర్లేదు. లండన్‌లోనూ అంతే. కానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, మ్యూనిక్ వెళ్లి, అక్కణ్నుంచి అమెరికా అని రెండు మజిలీల టికెట్ ఇస్తే మాత్రం తీసుకోకు. ఆ రెండు ఊళ్ల మధ్య ఎగిరితే యూరప్‌లోకి ప్రవేశించినట్టే, షెంగెన్ వీసా కావాలి. ఈ రూల్స్ మారుతుంటాయి, కొనేముందు అల్లుణ్ని మధ్యలో దిగే దేశపు ఎంబసీ సైటు ఒకసారి చూడమను.

ఫ్రాంక్‌ఫర్ట్ కాక ఇంకేదైనా దొరికితే? ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతా ఒకే కప్పు కింద, పసుపు బోర్డులు, తికమక తక్కువ. కాకపోతే అక్కడ పోల్డర్‌బాన్ అని ఒక రన్‌వే ఉంది, టెర్మినల్‌కి చాలా దూరం. చక్రాలు నేలని తాకగానే "దిగిపోయానే" అని అమ్మాయికి మెసేజ్ పెట్టేస్తాం, ఆ తర్వాత పావుగంట సేపు బస్సులా రోడ్డు మీద నడుస్తూనే ఉంటుంది విమానం. లండన్ హీత్రోలో ఊదారంగు బోర్డుల వెంట పోవాలి, టెర్మినల్ మారితే బస్సు ఎక్కిస్తారు. ప్యారిస్ నాకైతే నచ్చలేదు. 2ఇ అని ఒకే పేరు, లోపల కె, ఎల్, ఎమ్ అని మూడు హాళ్లు, వాటి మధ్య రైలు!

వీల్‌చెయిర్ చెప్పుకోవడానికి మొహమాటపడకు. యూరప్ చట్టం ప్రకారం అది ఉచితం, 48 గంటల ముందు చెప్పాలంతే. ఇంగ్లీషు రాదని, దారి తెలియదని గట్టికాళ్లవాళ్లు కూడా అడిగేస్తున్నారు, అది నాకు నచ్చదు. నీ సంగతి వేరు, నీకు మోకాళ్ల నొప్పి నిజంగానే ఉంది. అయితే వీల్‌చెయిర్ ఉంటే టైము కలిసొస్తుందనుకోకు. ఒక్కోసారి దాని కోసం కూర్చోవడమే అరగంట.

ఇక సామాన్లు. బాలింతకి కాయం చేసి, పెద్ద పెట్టెలో కారిపోతుందేమోనని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను నేను. నెయ్యి, ఆవకాయ, కాయం, ముద్దలా ఉండేదేదైనా వాళ్ల లెక్కలో ద్రవమే, చాలాచోట్ల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ట్రే దగ్గర అబ్బాయి మూత తీసి వాసన చూసి మొహం అదోలా పెట్టాడు. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి చేసిన కాయం చెత్తబుట్టలో పడింది. తప్పు నాదే. అమెరికా వెళ్లే విమానానికి పొడులు కూడా ఎక్కువ ఉంటే విప్పి చూస్తారు, కందిపొడి డబ్బా పెద్ద పెట్టెలోకే. శంషాబాద్‌లో ఆ పెట్టెకి కట్టే చీటీ మీద డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. అలా ఉంటే పెట్టె నేరుగా డాలస్‌లోనే తీసుకుంటావు.

గడియారం మాట మర్చిపోయా. జర్మనీ మనకన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక. నీ చేతి గడియారాన్ని నమ్ముకోకు, గోడ మీద బోర్డు చూడు.

మూడు గంటల గ్యాప్ ఉన్న టికెట్ తీసుకుని పీఎన్‌ఆర్ నంబరు నాకు వాట్సాప్ చెయ్యి. కాయం ఈసారి నేనే చేసి పంపుతా, రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో అడుగున పెట్టుకో.