అమెరికాలో మత్తు ఇచ్చే నర్సు కావాలంటే: తరచూ అడిగే ప్రశ్నలు

మన దగ్గర మత్తు డాక్టరు చేసే పని అక్కడ నర్సు చేస్తుందా?

చేస్తుంది. ఆ హోదాను సీఆర్‌ఎన్‌ఏ (సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థెటిస్ట్) అంటారు. ఆపరేషన్‌కు ముందు పేషెంటును పరీక్షించడం, మత్తు ఇవ్వడం, గొంతులో గొట్టం వేయడం, తెలివి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండటం అన్నీ వాళ్ల పనే. డాక్టరు పర్యవేక్షణ ఎంత ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి, ఆసుపత్రిని బట్టి మారుతుంది. వృద్ధుల వైద్య ఖర్చు భరించే ప్రభుత్వ బీమా మెడికేర్ మాత్రం పర్యవేక్షణ ఉండాలంటుంది. అయితే 2001 నుంచి గవర్నరు లేఖ రాస్తే ఆ రాష్ట్రానికి మినహాయింపు దొరుకుతోంది. మొదట తీసుకున్నది అయోవా.

బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ చదివాను. నేరుగా చేరొచ్చా?

కుదరదు. అది నర్సింగ్ డిగ్రీ కాదు. చేతిలో అమెరికా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఉండాలి. దానికి నర్సింగ్ చదివి, ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి.

హైదరాబాద్‌లో ఐదేళ్లు ఐసీయూలో చేశాను. అది లెక్కలోకి వస్తుందా?

రాదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కోర్సులకు గుర్తింపు ఇచ్చే సీవోఏ నిబంధన ప్రకారం కనీసం ఏడాది ఫుల్‌టైమ్ క్రిటికల్ కేర్ అనుభవం కావాలి. అది కూడా అమెరికాలో, దాని భూభాగాల్లో, లేదా బయటి దేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రుల్లో సంపాదించిందై ఉండాలి. గల్ఫ్‌లో చేసినా ఇదే మాట. వెంటిలేటరు ఏ దేశంలోనైనా వెంటిలేటరే కదా, ఇదేం లెక్క అనిపిస్తుంది నాకు. అయినా దరఖాస్తు చూసేవాళ్లు నిబంధననే చూస్తారు. మీ ఐదేళ్లు అక్కడ ఐసీయూ ఉద్యోగం సంపాదించడానికి మాత్రం పనికొస్తాయి. ఆ ఉద్యోగంలో ఏడాది అన్నది కనీస అర్హత మాత్రమే. పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి అంతకంటే ఎక్కువ అనుభవంతో వెళ్లడమే మంచిది.

మాస్టర్స్ చాలదా?

ఇప్పుడు చాలదు. 2022 జనవరి 1 నుంచి చేరేవాళ్లందరికీ డాక్టరేట్ తప్పనిసరి. కనీసం 36 నెలలు, 2,000 క్లినికల్ గంటలు, 600 కేసులు. అంతకుముందు మాస్టర్స్‌తో సర్టిఫికెట్ పొందినవాళ్లు మళ్లీ చదవక్కర్లేదు.

స్టూడెంటు కదా అని ఎన్ని గంటలైనా వాడుకుంటారా?

హద్దు ఉంది. క్లాసు, క్లినికల్, కాల్ డ్యూటీ అన్నీ కలిపి నాలుగు వారాల సగటున వారానికి 64 గంటలు దాటకూడదు. ఒక శిక్షకుడి కింద ఒకేసారి ఇద్దరికి మించి స్టూడెంట్లను పెట్టకూడదు. చదువు పూర్తికాకముందే మిమ్మల్ని మత్తు నర్సుగా జీతానికి పెట్టుకోవడం, వేరే పేరుతో ఆ పని చేయించుకోవడం రెండూ నిషేధం. కొట్టివేతలు లేకుండా గంటల లెక్క మీరే రాసుకోండి. పేచీ వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ఫీజుకు ప్రభుత్వ అప్పు దొరుకుతుందా?

గ్రీన్‌కార్డు ఉంటే దొరుకుతుంది, ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద దొరకదు. ఖర్చు మొత్తానికీ అప్పిచ్చే గ్రాడ్ ప్లస్‌ను 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు ఆపేస్తూ 2025లో చట్టం వచ్చింది. కాబట్టి సీటు కంటే ముందే డబ్బు సంగతి తేల్చుకోవాలి. చదువుతూ ఉద్యోగం చేసుకుందామంటే ఈ కోర్సులో దాదాపు అసాధ్యం.

సర్టిఫికెట్ కోసం రాసే చివరి పరీక్ష ఎలా ఉంటుంది?

కంప్యూటర్ మీద, 100 నుంచి 170 ప్రశ్నలు. మీ జవాబులను బట్టి తరువాతి ప్రశ్న మారుతుంది.

డాక్టరేట్ వచ్చాక పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోవచ్చా?

కాలేజీలో పెట్టుకోవచ్చు. పేషెంటు ముందు ఆ మాట వాడటంపై కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. బ్యాడ్జీ అచ్చు వేయించే ముందు మీ రాష్ట్ర చట్టం చూసుకోండి.