చవక మీటరే, కానీ భద్రత తగ్గకూడదు

ప్రశ్న: రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూడాలి. తక్కువ ధరలో ఎలాంటి డిజిటల్ మల్టీమీటర్ కొనమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు పనిచేసేది 415 వోల్టుల త్రీఫేజ్ మీద. కాబట్టి ధర అడిగే ముందు మీటరును చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద, ప్రోబుల మీద కూడా ‘క్యాట్ 3, 600 వోల్టులు’ అని ఉండాలి. అది లేని మీటరును ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. లోపలి ఫ్యూజులు గాజువి కాకుండా సిరామిక్ హెచ్‌ఆర్‌సీ రకమైతే మేలు. మిల్లులో వీఎఫ్‌డీలు ఉంటే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే తీసుకోండి. మోటారు లాగే కరెంటు చూడటానికి మాత్రం క్లాంప్ మీటరు వాడాలి.

కొన్నాక ఒక జాగ్రత్త. ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్లో ఉండగా వోల్టేజీ చూడబోతే నేరుగా షార్ట్ సర్క్యూటే! కొలిచే ప్రతిసారీ వైరు ఎక్కడుందో చూసుకోండి.

‘సప్లై లేదు’ అని మీటరు చూపగానే నమ్మకండి. సప్లై ఉన్న చోట ముందొకసారి, తర్వాతొకసారి మీటరును పరీక్షించాకే తీగ ముట్టుకోండి.