మట్టి ధరతోపాటు గుంత ధర కూడా కట్టండి

దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేస్తే అత్తిలి లాంటి గోదావరి డెల్టా ఊళ్లలో మట్టి పనులకు అదును. ఇటుక బట్టీకి కొంత, ఇళ్ల స్థలాల మెరకకు కొంత, రోడ్డు పనులకు కొంత. ట్రాక్టర్ డ్రైవర్, పొక్లెయిన్ ఆపరేటర్, బట్టీ కూలీ, మట్టి అమ్ముకునే రైతు, అందరికీ ఆ నెలల్లోనే నాలుగు డబ్బులు కనబడతాయి. ఆ పని మానుకోమని ఎవరూ చెప్పలేరు. కానీ సార్వా నాటికి చేను చేనులా మిగలాలంటే తవ్వకముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

వరికి బలమిచ్చేది పైనున్న జానెడు మట్టే. అది బట్టీకి పోతే కింద బయటపడే నేల ఎన్ని ఎరువులు వేసినా వెంటనే పంటకు రాదు. చేను పల్లమైపోతే పక్క చేల నీళ్లు అందులోకి దిగుతాయి, గట్లు జారతాయి, మురుగు బయటికి పోదు. నష్టం మట్టి అమ్మిన రైతుతో ఆగదు, చుట్టూ ఉన్న చేలకూ తగులుతుంది.

డ్రైవర్లకు, ఆపరేటర్లకు

చట్టం దృష్టిలో ఇటుక మట్టి, గ్రావెల్ కూడా ఖనిజాలే. అనుమతి లేకుండా తరలిస్తే 1957 నాటి గనుల చట్టం కింద బండిని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకని పర్మిట్ చూడకుండా బండి తీయకండి. బండి నంబరు, తేదీ, తవ్వే చోటు, పరిమాణం సరిపోయాయో లేదో చూసుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మట్టిగోడను అడుగున తొలిచి పైభాగం దానంతట అది కూలేలా తవ్వమంటే ఒప్పుకోకండి. ఆ గోడ నీడన కూర్చుని అన్నం తినకండి.

మట్టి అమ్మే రైతుకు

ఇటుక మట్టి, సాధారణ మట్టి తవ్వకాలపై కేంద్ర పర్యావరణ శాఖ 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం లోతు 2 మీటర్లు దాటకూడదు. పక్క పొలం హద్దు దగ్గర, తవ్వే లోతులో కనీసం సగం వెడల్పున నేలను కదపకుండా వదలాలి. ఇళ్లకు, కట్టడాలకు 15 మీటర్ల దూరం ఉండాలి. మన వంతుగా పై మట్టిని విడిగా తీసి కాపాడుకోవాలి.

వీటిని నోటిమాటగా వదిలేయకుండా ఒప్పంద కాగితంలో రాయించండి. పెద్ద గనులకు గని మూసివేత ప్రణాళిక, దానికి ఆర్థిక హామీ ఉండాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మన ఎకరం చేనుకూ ఆ పద్ధతే మంచిది. ట్రిప్పుకు ఎంతో రాసుకున్నట్టే, చదును చేయడానికి పొక్లెయిన్ ఎన్ని గంటలు, ఖర్చు ఎవరిది అన్నదీ రాసుకోండి. చదును పూర్తయ్యేదాకా కొంత సొమ్ము ఊరి పెద్దమనిషి దగ్గర ఉంచమని మట్టి కొనేవారితో చెప్పండి. కౌలుదారు ఉంటే ఆయన్నీ కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

నేలను తిరిగి నిలబెట్టేటప్పుడు

ముందు అడుగు చదును చేసి, మురుగు పోయే వాలు చూసుకుని, ఆ తర్వాతే దాచిన పై మట్టిని పరచాలి. జీలుగో పిల్లిపెసరో చల్లి పూత దశలో కలియదున్నితే నేల కోలుకోవడం మొదలవుతుంది. వరి వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. ఇందులోనూ ట్రాక్టరుకు, కూలీలకు పని ఉంటుంది. ఒప్పందంలో రాసి ఉంటే ఆ కూలి కూడా వాళ్ల చేతికే వస్తుంది.

పక్క రైతుకు, ఊరికి

గట్టు జారాక గొడవపడేకంటే తవ్వకం మొదలయ్యే రోజే హద్దు ఫొటోలు తీసుకోవడం మేలు. అనుమతి పత్రాల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తవ్వకంపై అభ్యంతరం ఉంటే సోమవారం భీమవరం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పెద్ద గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. అక్కడ మీ సర్వే నంబరు, బోదె, బావి పేరు పెట్టి చెప్పండి, రాసి కూడా ఇవ్వండి.

మట్టే కదా, మన మాట ఎవరు వింటారని అనుకోవద్దు. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు తీసే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదన్న 2020 నాటి మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. అభ్యంతరం చెప్పే అవకాశం ప్రజలకు ఇవ్వకుండా తెచ్చారన్నది అందుకు ఒక కారణం.

కొల్లేరును గుర్తు చేసుకోండి. 1999లో అభయారణ్యమైన చోట చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే యంత్రాలు పెట్టి కొట్టించాల్సి వచ్చింది. ఆ చెరువుల మీద బతికిన కూలీల పని కూడా గట్లతోపాటే పోయింది. నేల రూపు మార్చేముందు దాన్ని తిరిగి నిలబెట్టే లెక్క వేసుకోకపోతే ఆ నష్టం చివరికి కూలీ మీదే పడుతుంది. ఈ వేసవిలో మట్టి బేరానికి కూర్చున్నప్పుడు ముందు గుంత సంగతి తేల్చి, ఆ తర్వాతే ట్రిప్పు ధర మాట్లాడండి.