ఫిట్స్ లేవుగా, ఇంకేం కావాలి?

మేడమ్ గారికి,

నా వయసు 34. హన్మకొండలో ఉంటాం. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తిదారు దగ్గర లెక్కలు రాస్తాను. ఇంటర్ సెకండియర్‌లో ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. తాయెత్తులు, దర్గాలు అయ్యాక డాక్టరుకు చూపించారు. ఏళ్ళ తరబడి ఫెనిటాయిన్ మింగాను. చిగుళ్ళు ఉబ్బాయి గానీ ఫిట్స్ పూర్తిగా ఆగలేదు. రెండు మూడు నెలలకోసారి ఎక్కడో ఒకచోట పడిపోయేవాణ్ణి. ఇదంతా చెప్పే పెళ్ళి చేసుకున్నాను. మాకు ఆరేళ్ళ పాప.

పోయినేడు ఉగాది దాటాక హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో న్యూరాలజిస్టుకు చూపించుకున్నాను. ఆయన మెల్లమెల్లగా పాత మందు తీసేసి లెవెటిరాసెటమ్ పెట్టారు. అప్పటినుంచి ఒక్క ఫిట్ కూడా రాలేదు. మా అమ్మ కొమురెల్లి మల్లన్నకు మొక్కు కూడా తీర్చింది.

కానీ బడులు తెరిచే నాటికే నేను వేరే మనిషినయ్యాను. టీవీ చప్పుడు, గిన్నెల చప్పుడు, ఎవరైనా రెండోసారి పిలవడం, ఏదైనా సరే ఒళ్ళు మండిపోతుంది. ఒకరోజు కూరలో ఉప్పు తక్కువైందని అన్నం కంచం విసిరేశాను. అది గోడకు తగిలి పాప పక్కన పడింది. ఇప్పుడు నేను గేటు తీస్తే చాలు, పిల్ల పుస్తకాల సంచీ పట్టుకుని లోపలి గదిలోకి పోతుంది. కోపం దిగాక ఏడుపొస్తుంది. నిద్ర సరిగ్గా పట్టదు. పండుగొచ్చినా, జీతమొచ్చినా ఏమీ అనిపించదు. లెక్కల్లో తప్పులు పోతున్నాయని మా సేటు రెండుసార్లు అన్నాడు.

డాక్టరుకు చెబుదామని పోయాను. ‘ఫిట్స్ వచ్చాయా?’ అన్నారు. లేదన్నాను. ‘వెరీ గుడ్, అవే వాడండి’ అన్నారు. ‘సార్, కోపం బాగా...’ అంటుంటే, ‘ఫిట్స్ లేవుగా, ఇంకేం కావాలి’ అని నవ్వారు. అప్పటికే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు. ఇక్కడ మా దగ్గరే ఒక సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పోయాను. ఫిట్స్ మందులు వాడుతున్నవాళ్ళకు మందు రాయాలంటే న్యూరో డాక్టరు చీటీ కావాలి అన్నారు. మా అన్నకు తెలిసి, ‘ఇన్నాళ్ళు ఫిట్సే అనుకున్నాం, ఇక ఎర్రగడ్డే’ అన్నాడు. కంచం సంగతి విని మా బావమరిది, ఫిట్స్ ఉన్నవాడితో పెళ్ళి చట్టంలో చెల్లదు, కోర్టుకు పోతాం అంటున్నాడు.

మీకొక్కరికే చెబుతున్నాను. కొన్ని రాత్రులు, ఇలాగే నిద్రపోయి తెల్లారకపోతే బాగుండు అనిపిస్తుంది.

ఇది నా గుణమా, మాత్ర వల్లనా? మాత్ర మానేస్తే మళ్ళీ పాత మనిషినవుతానా? సైకియాట్రీ మందులు వాడితే ఫిట్స్ తిరిగొస్తాయంటారు, నిజమేనా? పేరు వేయకండి.

- ఒక పాఠకుడు, హన్మకొండ

* * *

మీరు నాకొక్కదానికే చెప్పిన మాటతో మొదలుపెడతాను. దాన్ని ఇంకొకరికి కూడా చెప్పాలి, అదీ ఈ రోజే. మీ భార్యకు చెప్పండి. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ ఆమె చేతిలో పెట్టండి. మాత్రలు నెలల తరబడికి ఒకేసారి కొనిపెట్టుకునే అలవాటుంటే ఆ డబ్బా ఆమె దగ్గర ఉండనివ్వండి, ఏ పూట మాత్ర ఆ పూటకు తీసుకోండి. టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. రాత్రి ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, పైసా కట్టనక్కర్లేదు. తెల్లారకపోతే బాగుండు అన్న ఆలోచన ఎలా, ఎప్పుడు అన్నదాకా వెళ్తే మాత్రం ఫోను కోసం చూడకండి. ఎవరినైనా వెంటబెట్టుకుని నేరుగా మీ దగ్గరున్న ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి.

ఇక మాత్ర సంగతి. నేను డాక్టర్ని కాను, మిమ్మల్ని చూసిందీ లేదు. కాబట్టి మాత్రే కారణమని తీర్పు చెప్పను. అయితే మీ ఉత్తరం చదివిన ఎవరికైనా ముందు అనుమానం దాని మీదికే పోతుంది. కోపం తెప్పిస్తుందన్న పేరు లెవెటిరాసెటమ్‌కు ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో ఆ మందుకు ఇచ్చే అధికారిక సమాచార పత్రంలోనే ఈ సంగతి ఉంది: పరీక్షల్లో మందు వాడిన పెద్దవాళ్ళలో నూటికి 13 మందిలో కోపం, చిరాకు, ఆందోళన, దిగులు లాంటివి కనిపించాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అది 6. ఫిట్స్ మందుల్లో ఏది వాడేవారిలోనైనా ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయేమో గమనించాలని 2008లోనే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇవేవీ రహస్యాలు కావు. మందు మొదలుపెట్టిన రోజే మీకూ మీ భార్యకూ చెప్పి ఉండాల్సిన రెండు వాక్యాలు.

అలాగని ఆ మందును తిట్టిపోయడం నాకిష్టం లేదు. ఎంతోమందికి ఫిట్స్ ఆపి ఉద్యోగాలు నిలబెట్టిన మందు అది. కాలేయానికి పెద్దగా భారం కాదు, వేరే మందులతో పెద్దగా పేచీ పెట్టుకోదు. అందుకే డాక్టర్లు ముందుగా దానివైపు చూస్తారు. మీకూ ఏళ్ళ తర్వాత ఫిట్స్ ఆపింది అదే. అందుకే మీ అంతట మీరు మానేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి తెరిపి లేకుండా రావచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. డోసు తగ్గించాలా, కొంచెం కొంచెంగా వేరే మందులోకి మార్చాలా అన్నది న్యూరాలజిస్టు మాత్రమే చేయాల్సిన పని. దారులు మాత్రం ఉన్నాయి. మనసును కుదుటపరిచే గుణం కూడా ఉన్న ఫిట్స్ మందులు ఉన్నాయి, లామోట్రిజిన్ అలాంటిదే. అది మీకు సరిపోతుందో లేదో ఆయనే చెప్పాలి.

మాత్ర మార్చగానే అంతా సర్దుకుంటుందన్న హామీ కూడా ఇవ్వలేను. నిద్ర లేకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం, లెక్కల్లో తప్పులు పోవడం, ఇవన్నీ కలిపి చూస్తే డిప్రెషన్ వాలకం కనిపిస్తోంది. మూర్ఛ ఉన్నవాళ్ళలో ఇది అరుదేమీ కాదు. దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుందని అధ్యయనాల లెక్క. రేపెప్పుడు పడిపోతానో అన్న భయం, బండి నడపకూడదన్న నిబంధన, పెళ్ళిచూపుల్లో తల వంచుకోవడం, ఇవన్నీ కారణాలే, కానీ ఇవే కారణాలు కావు. భయాన్ని, సంతోషాన్ని, జ్ఞాపకాన్ని చూసుకునే మెదడు భాగాల్లోనే చాలామందికి ఫిట్స్ పుడతాయి. డిప్రెషన్ ముందొచ్చి మూర్ఛ తర్వాత బయటపడినవాళ్ళూ ఉన్నారు. అంటే ఇది మీ గుణం కాదు. జబ్బులో మీకు వైద్యం అందని సగం.

ఆ సగం గురించి ఎవరూ ఎందుకు అడగలేదన్న మీ బాధ న్యాయమైనది. చిత్రమేమిటంటే, మన దేశంలో ఒకప్పుడు మూర్ఛనూ మానసిక జబ్బులనూ ఒకే బల్ల మీద చూడాలనుకున్నారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తర్వాత నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో నమూనాగా నడిపినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లకు మానసిక జబ్బులతో పాటు మూర్ఛకూ వైద్యం నేర్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈనాటికీ మామూలు డాక్టర్ల కోసం వేసే మార్గదర్శక పుస్తకంలో మూర్ఛనూ డిప్రెషన్‌నూ పక్కపక్కనే పెడుతుంది. మన నగరాల్లో సూపర్ స్పెషాలిటీలు పెరిగాక మెదడు ఒక అంతస్తుకూ మనసు ఇంకో అంతస్తుకూ వెళ్ళిపోయాయి. కొన్ని ఆసుపత్రుల్లోనైతే రెండో అంతస్తే లేదు. పైగా లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక సమస్యలున్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. మూర్ఛ ఉన్నవాళ్ళు అందులోనూ వెనక వరసలో నిలబడతారు, వాళ్ళకెలాగూ ‘ఒక డాక్టరున్నాడు’ కదా అని.

ఓపీలో టైము లేదన్న జవాబు నాకు తెలుసు. యాభైమంది బయట కూర్చుని ఉంటే ఏ డాక్టరైనా ఉరకాల్సిందే. కానీ మూర్ఛ ఉన్నవాళ్ళలో డిప్రెషన్‌ను పసిగట్టడానికే తయారుచేసిన ప్రశ్నావళి ఒకటి 2006 నుంచీ ఉంది. ఆరంటే ఆరే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో అపరాధ భావం, విసుగు, సంతోషం లేకపోవడం, చావు ఆలోచన ఎంత ఉన్నాయని అడుగుతాయి. మొత్తం 15 దాటితే లోతుగా చూడాలి. బయట కుర్చీలో కూర్చున్నప్పుడే నర్సు చేతికిస్తే పేషెంటు నింపేస్తాడు, డాక్టరుకు పట్టేది అంకె చూసే సమయమే. ‘ఫిట్స్ లేవుగా’ అనడానికి పట్టే సమయంలో సగం. దాన్ని తెలుగులో ప్రతి న్యూరాలజీ ఓపీలో పెట్టడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

సరే, వ్యవస్థ మారేదాకా మీరు ఆగలేరు. మూడు నెలల అపాయింట్‌మెంటు కోసం చూడకండి, ఈ వారమే ఫోన్ చేసి ముందుకు జరిపించుకోండి. ‘చెకప్’ అనకండి, ‘మందు మార్చాక ప్రవర్తన మారింది, చావు ఆలోచనలు వస్తున్నాయి’ అని చెప్పి రాయించండి. వెళ్ళేముందు అర పేజీ రాసుకోండి. కొత్త మందు ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది, కోపం ఎప్పుడు కనిపించింది, ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. గుమాస్తా పని చేసే మీకు ఇది కష్టం కాదు. కంచం సంగతి కూడా రాయండి, సిగ్గుపడి ‘కొంచెం కోపం’ అని తగ్గించొద్దు. గదిలోకి మీ భార్యను తీసుకెళ్ళండి. మన కోపం మనకు తెలిసేది తక్కువ, చూసినవాళ్ళకే ఎక్కువ. కూర్చోగానే, ఆయన ఫిట్స్ గురించి అడగకముందే, ఆ కాగితం బల్ల మీద పెట్టండి. మందు సంగతి తేల్చాక, సైకియాట్రిస్టుకు ఇవ్వడానికి మీ జబ్బు వివరాలూ వాడుతున్న మందులూ డోసులూ రాసిన చీటీ అడిగి తీసుకోండి. అది లేకుండా లేవొద్దు. ఆయన ఈసారీ నవ్వేస్తే డాక్టరును మార్చండి. న్యూరాలజీ, సైకియాట్రీ రెండూ ఒకే ఆవరణలో ఉన్న టీచింగ్ ఆసుపత్రి ఏదైనా మీకు అంతకన్నా నయం.

సైకియాట్రీ మందులతో ఫిట్స్ తిరిగొస్తాయన్న భయం మీకే కాదు, చాలామంది డాక్టర్లకూ ఉంది. అందులో నిజం కొంతే. బుప్రోపియాన్, క్లోమిప్రమైన్ లాంటి కొన్నింటి దగ్గర జాగ్రత్త కావాలి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మామూలు డోసుల్లో ఫిట్స్‌ను పెంచుతాయనడానికి ఆధారం లేదు. డిప్రెషన్ ఓ మోస్తరు దాటిన మూర్ఛ రోగులకు ముందుగా ఈ కోవ మందులే ఇవ్వమని ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2022లో సూచించింది కూడా. కొన్ని పాత ఫిట్స్ మందులు వీటి బలాన్ని తగ్గిస్తాయి, అందుకే మందుల చీటీ ముఖ్యం. మాటలతో చేసే వైద్యం, అంటే కౌన్సెలింగ్, థెరపీ, వాటితో ఏ పేచీ లేదు. దానికి ఎవరి చీటీ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

మందు మార్చే వారాల్లో ఒకటి రెండు ఫిట్స్ రావచ్చు. రాత్రి నిద్ర చెడగొట్టుకోవద్దు, మద్యం తాగొద్దు, చెరువుకు, బావికి ఒంటరిగా పోవద్దు. మీ సేటుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి. పడిపోతే చేతిలో ఇనుము పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. కోపానికి మాత్ర కారణం కావచ్చు, కానీ కంచం దెబ్బ తగలబోయింది పాపకు. కోపం తన్నుకొచ్చినప్పుడు మీరే ఇంట్లోంచి బయటికి వెళ్ళాలి, పాపా ఆమె తల్లీ కాదు. అప్పటికీ చేయి లేస్తే, మందు సర్దుకునేదాకా వాళ్ళు వేరేచోట ఉండటమే మేలు, దాన్ని అవమానం అనుకోవద్దు. పాపకు క్షమాపణ చెప్పండి. నాన్నకు ఒంట్లో బాగాలేదు, డాక్టరు దగ్గరికి పోతున్నాడు, నీ తప్పేం లేదు అని ఆరేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి. తన తప్పు కాదన్నది పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి, వాళ్ళంతట వాళ్ళు అనుకోలేరు.

ఎర్రగడ్డ మాట అన్న మీ అన్నకు జవాబివ్వాల్సిన పనిలేదు. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, జనం బాగుపడటానికి వెళ్ళే చోటు.

బావమరిది అన్న చట్టం సంగతి మాత్రం తేల్చుకోండి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డుగా ఒక మాట ఒకప్పుడు ఉన్నది నిజమే. 1999 సవరణతో దాన్ని తీసేశారు. ఇప్పుడు మూర్ఛ ఉందన్న ఒక్క కారణంతో పెళ్ళి చెల్లదని ఎవరూ కోర్టుకు పోలేరు. దాచిపెట్టి చేసుకుంటే మోసమన్న వాదన వేరు, మీరు దాచలేదు. అయితే ఇంట్లో హింస జరిగితే దానికి వేరే చట్టం ఉంది, అప్పుడు మూర్ఛ మిమ్మల్ని కాపాడదు. పెళ్ళి చెల్లుతుందన్న సంగతి బావమరిదికి మీరు చెప్పడం కన్నా మీ భార్య చెబితే బాగుంటుంది. అన్నీ తెలిసి పెళ్ళికి ఒప్పుకున్నది ఆమె.