డాన్యూబ్ ఒడ్డున సైకిల్ తొక్కబోయే కోడలు పిల్లకి

చిరంజీవి కోడలు పిల్లకి,

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే ముచ్చట. స్నేహితురాలితో కలిసి సెప్టెంబరులో జర్మనీ వెళ్లి, పాసౌలో సైకిళ్లు అద్దెకు తీసుకుని, డాన్యూబ్ వెంట వియన్నా దాకా తొక్కుతామన్నావు. ఆ దారి మీ మామయ్యకీ నాకూ ఎంత ఇష్టమో నీకు తెలుసు. అందుకే నువ్వు పంపిన సామాన్ల జాబితా కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివాను. అందులో సగం అక్కడ ప్రతి ఊళ్లో దొరికేవే. లేకపోతే రెండో రోజుకే ఏడుపొచ్చేవి కొన్ని మాత్రం అందులో లేవు.

ముందు దారి సంగతి తెలిస్తే సంచి సంగతి తేలుతుంది. పాసౌ నుంచి వియన్నా 300 కిలోమీటర్లకు కాస్త పైన. ఒడ్డు వెంటే దారి కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, నీళ్లతో పాటు నువ్వూ మెల్లగా కిందికే దిగుతుంటావు. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. సబ్బు, టూత్‌పేస్టు, పళ్లు, రొట్టె, పంక్చరైతే ట్యూబు, అన్నీ ఏదో ఒక ఊళ్లో కొనుక్కోవచ్చు. కాబట్టి నేను చెప్పేది ఒకటే: నీ ఒంటికి అమరినవి ఇంటి నుంచి తీసుకెళ్లు. ఎవరికైనా సరిపోయేవి అక్కడ కొనుక్కో, లేదా వదిలేయ్. నువ్వు మోసే ప్రతి కిలోనూ రోజుకి యాభై కిలోమీటర్లు నీ మోకాళ్లే లాగాలి.

ఒంటికి అమరినవాటిలో మొదటిది సీటు. అద్దె సైకిల్ సీటు ఎవరి కొలతకి పెట్టారో తెలియదు. ఇక్కడ నువ్వు రోజూ తొక్కే సైకిల్ సీటు నీకు అలవాటైంది, నొప్పి లేదు అంటే దాన్నే విప్పి పట్టుకెళ్లు. బరువు అర కిలో కూడా ఉండదు. విప్పి బిగించడానికి ఒక ఎలెన్ కీ చాలు, అద్దె దుకాణంవాళ్లని అడిగితే వాళ్లే బిగించి ఇస్తారు. సీటు ఎత్తు కూడా ఇక్కడే టేపుతో కొలిచి రాసుకో, పెడల్ మధ్య నుంచి సీటు పైభాగం దాకా. అక్కడ మొదటి పది నిమిషాల్లో ఆ అంకెకి సరిచేయించుకుంటే మోకాళ్ల నొప్పి సగం తప్పుతుంది.

దాని తర్వాత ప్యాడ్ ఉన్న షార్ట్స్. రెండు జతలు కావాలి, ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతికి ఆరేసింది. వాటి కింద లోదుస్తులు వేసుకోకూడదమ్మా. చాలామంది ఆడపిల్లలు మొహమాటపడి వేసుకుంటారు. ఆ కుట్లే చర్మాన్ని ఒరిపిడి పెట్టి పుండ్లు చేస్తాయి. షార్ట్స్ కొత్తగా కొని అక్కడే మొదటిసారి తొడగకు, ఇక్కడే నాలుగైదుసార్లు వేసుకుని తొక్కు. ఒరిపిడి పడే చోట రాయడానికి క్రీమ్ చిన్న ట్యూబు పెట్టుకో. నెలసరి ఆ రోజుల్లోనే రావచ్చు. నీకు అలవాటైన ప్యాడ్లో కప్పో తీసుకెళ్లు. కప్ కొత్తగా మొదలుపెట్టాలనుంటే మాత్రం ఇక్కడే రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టు. షార్ట్స్‌తో బయట తిరగడం నీకు ఇబ్బందైతే పైన వేసుకోవడానికి మడమ దగ్గర బిగుతుగా ఉండే పల్చటి ప్యాంటు ఒకటి చాలు. చీలమండల దగ్గర గుడ్డ వదులుగా ఉంటే చైను లాగేస్తుంది. చున్నీ మెడలో వేసుకుని సైకిల్ ఎక్కనే ఎక్కకు. సంచిలో మాత్రం ఒక నూలు చున్నీ ఉండనీ. రైల్లో చలికి, తలకింద దిండుకి, చర్చిలోకి వెళ్తే భుజాల మీదకి, అన్నిటికీ అదే పనికొస్తుంది.

హెల్మెట్ నీదే తీసుకెళ్లు. ఆస్ట్రియాలో పన్నెండేళ్ల లోపు పిల్లలకే అది తప్పనిసరి. మా కోడలు పిల్లకి మాత్రం అత్త చట్టం వర్తిస్తుంది. జడ మెడ దగ్గర కిందికి వేసుకో, పైకి ముడి వేస్తే హెల్మెట్ నుదుటి మీదకి రాక వెనక్కి జారుతుంది. రంగు కళ్లద్దాలు ఎండకే కాదు, ఒడ్డున ముసిరే చిన్న పురుగులకీ కావాలి. గ్లౌజులు కూడా ఇక్కడే వేసి చూసి కొను.

బట్టల విషయంలో నీ జాబితాలో మూడు జీన్స్ ఉన్నాయి. మూడూ తీసేయ్. తడిస్తే బరువు, రాత్రికి ఆరవు. తొక్కడానికి తొందరగా ఆరే టీషర్టులు రెండు, సాయంత్రాలకి ఒక కుర్తీ, లెగ్గింగ్స్, పల్చటి స్వెట్టరు, మూడు జతల మేజోళ్లు, చెప్పులు. అంతే. రాత్రి గదిలోకి రాగానే సబ్బుతో ఉతికి, గట్టిగా పిండి, ఆ తర్వాత పొడి తువ్వాలులో పెట్టి చుట్టి మెలిపెట్టు. తువ్వాలు నీళ్లన్నీ లాగేస్తుంది, పొద్దుటికి ఆరిపోతాయి. ఆరేయడానికి రెండు మీటర్ల నైలాన్ తాడు, నాలుగు క్లిప్పులు. ఈ తువ్వాలు చిట్కా మామయ్య పట్టుబట్టి మరీ రాయమన్నారు.

వాన కోటు మాత్రం మంచిది కొను. డబ్బు ఎక్కడైనా ఆదా చేయి, దీని దగ్గర చేయకు. సెప్టెంబరులో డాన్యూబ్ లోయ చాలా అందంగా ఉంటుంది, ద్రాక్ష కోతల కాలం, పొద్దున చలి, మధ్యాహ్నం లేత ఎండ. అయినా 2024 సెప్టెంబరులో అక్కడ కురిసిన వానలకి దిగువ ఆస్ట్రియా రాష్ట్రం మొత్తాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. అలాంటిది వచ్చినా భయపడక్కర్లేదు. నదికి సమాంతరంగా రైళ్లు ఉన్నాయి, సైకిల్‌కి వేరే టికెట్ తీసుకుని ఎక్కించొచ్చు. వాతావరణ హెచ్చరికలు రోజూ పొద్దున చూసుకో, నీళ్లు దారి మీదకి వస్తే మొండితనం వద్దు.

సంచులు మావి పంపిస్తున్నాను. వెనక క్యారియర్‌కి రెండు వైపులా వేలాడేవి, నీళ్లు లోపలికి పోనివి. రెండూ కలిపి ఎనిమిది కిలోలు దాటనివ్వకు. బరువైనవి అడుగున, రెండు వైపులా సమానంగా. ముందు హ్యాండిల్‌కి తగిలించే చిన్న సంచిలో పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్. దిగిన ప్రతిసారీ అది నీతోనే రావాలి. మేం ఆ దారిలో వెళ్లినప్పుడు మాతో వచ్చిన ఒకాయన రెండు పెద్ద సంచులు, దాని మీద ఒక బ్యాక్‌ప్యాక్ పెట్టుకుని బయలుదేరారు. మూడో రోజు పోస్టాఫీసులో సగం సామాను పార్సిల్ కట్టి ఇంటికి పంపితే గానీ ఆయన నదిని చూడలేదు. సామాను ఒక బస నుంచి ఇంకో బసకి చేర్చే ఏర్పాట్లు ఆ దారిలో దొరుకుతాయి. నడుము నొప్పి ఉంటే అవి మంచివే. నీ వయసులో మాత్రం అవసరం లేదంటాను. సామాను నీ దగ్గరే ఉంటే నచ్చిన ఊళ్లో ఆగిపోవచ్చు, ఆ స్వేచ్ఛ కోసమే కదా సైకిల్.

సైకిల్ చేతికివ్వగానే బ్రేకులు చూసుకో. మన దగ్గర చాలా సైకిళ్లకి కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. అక్కడ ఎక్కువగా ఎడమ చేతిది ముందుది. కొన్నిటికి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి వెనక వచ్చేవి నీ ఎడమ భుజం మీదుగా కనిపించాలి. హ్యాండిల్ చివర బిగించే చిన్న అద్దం ఒకటి తీసుకెళ్లి ఎడమవైపు పెట్టుకో. పంక్చర్ సామాను దుకాణంవాళ్లే ఇస్తారా అని ముందే మెయిల్ రాసి అడుగు, ట్యూబు వాల్వు ఏ రకమో కూడా అడుగు. మన పాత సైకిళ్ల పంపు వాటికి అతకకపోవచ్చు. తాళం గట్టిది ఉందా అని కూడా.

తాళం ఎందుకంటే, ఆ దారిలో సైకిల్ దిగి నడవాల్సిన చోట్లున్నాయి. లింజ్ దాటాక మౌట్‌హౌజెన్ వస్తుంది. ఊరికి పైన గుట్ట మీద నాజీల నిర్బంధ శిబిరం, ఇప్పుడు స్మారకం. 1938 నుంచి 1945 దాకా ఆ శిబిరంలో, దాని అనుబంధ శిబిరాల్లో కనీసం 90,000 మంది ప్రాణాలు పోయాయి. పక్కన నది అంత ప్రశాంతంగా పారుతుంటే ఆ గుట్ట ఎక్కడం కష్టం, దారి కూడా నిటారుగా ఉంటుంది. అయినా వెళ్లి చూడు. దానికి ఒక పూట కేటాయించుకో. అక్కడ వేసుకోవడానికి నిండుగా ఉండే బట్టలు సంచి పైనే ఉండాలి, అడుగున కాదు. ఆ తర్వాత మెల్క్ మఠం, మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖావ్ లోయ. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ద్రాక్ష తోటలు, ఆప్రికాట్ తోటలు, రాతి గోడలు. సుమారు 35 కిలోమీటర్లే. ఒక్క పూటలో దాటేయొచ్చు, కానీ దాటకు, రెండు రోజులు పెట్టుకో.

తిండి గురించి మీ అమ్మ ఇప్పటికే డబ్బాలు తీసే ఉంటుంది. నెయ్యి, కోవా, పాల స్వీట్లు వద్దని వదినకి నా మాటగా చెప్పు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు, కస్టమ్స్‌లో పారేయాల్సి వస్తుంది. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. కందిపొడి, వెల్లుల్లి కారం చెరో వంద గ్రాములు, అటుకులు, వేరుశనగ చిక్కీలు పెట్టుకో. ఆవకాయ వద్దు తల్లీ, నూనె కారితే సంచిలో బట్టలన్నీ పోతాయి. శాకాహారం దొరుకుతుంది, పొద్దున బసలో రొట్టె, చీజ్, పళ్లు కడుపునిండా పెడతారు. ఒక్క ఆదివారంతోనే జాగ్రత్త. ఆ రోజు దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారం సాయంత్రం లోపే పళ్లు, రొట్టె కొనిపెట్టుకో, మీ అమ్మ అటుకులు ఆ రోజుకి దాచు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, రెండు సీసాలు చాలు.

మందులు. నువ్వు వాడేవన్నీ డాక్టర్ చీటీతో సహా, మందు అసలు పేరు రాయించుకుని తీసుకెళ్లు. యాంటీబయాటిక్స్ అక్కడ చీటీ లేనిదే ఇవ్వరు. ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసిటమాల్, బ్యాండేజీలు. ఇంకొకటి నీ జాబితాలో లేదు: గడ్డిలో పిడుదులు. ఆస్ట్రియాలో అవి కుట్టి మెదడువాపు తెచ్చే వైరస్ ఉంది. దానికి టీకా ఉంది కానీ డోసులు నెలల వ్యవధిలో వేస్తారు, కాబట్టి ఈ వారమే డాక్టర్ని కలిసి మాట్లాడు. రోజూ సాయంత్రం స్నానానికి ముందు కాళ్లు, మోకాళ్ల వెనక, గజ్జలు చూసుకో. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగు. నూనె పోయడం, నిప్పు పెట్టడం లాంటివి వద్దు. ఆ పట్టకారు మరచిపోకు.

కాగితాలు నీకు నాకంటే బాగా తెలుసు. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆ బీమా సైకిల్ మీద పడితే కూడా వర్తిస్తుందా అని చదివి చూడు. ఎక్కువ రాత్రులు ఆస్ట్రియాలో కాబట్టి దరఖాస్తు ఆస్ట్రియాకే. పాస్‌పోర్టు నకళ్లు ఒక సెట్ స్నేహితురాలి సంచిలో, ఆమెవి నీ సంచిలో. పవర్‌బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే. మన రెండు పిన్నుల చార్జర్లు అక్కడ సరిపోతాయి. చిల్లర యూరోలు కొన్ని ఉంచుకో, సైకిళ్లని నది దాటించే చిన్న పడవల వాళ్లకి నోట్లు, నాణేలు కావాలి. ఆపదలో 112కి ఫోన్ చేయి.

సంచులు శుక్రవారానికి కొరియర్‌లో అందుతాయి. అవి రాగానే అన్నీ సర్దుకుని, తూకం వేసి, ఆదివారం పొద్దున హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు కింద వేసిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ మీద మొత్తం బరువుతో వెళ్లి రా. ఖాళీ సైకిల్ మీద వేగం చూసుకుని మురిసిపోవద్దు, బరువుతోనే వెళ్లాలి. రెండోసారి కూడా అదే బరువుతో తొక్కి, ఇంటికొచ్చాక సంచి మొత్తం మంచం మీద పరిచి ఏది తీసేయాలో నువ్వే చూడు. తీసేసినవేమిటో నాకు ఫోన్ చేసి చెప్పు. సీటు విప్పడం రాకపోతే మామయ్య వీడియో కాల్‌లో చూపిస్తానన్నారు, ఆయన సాయంత్రం ఆరు తర్వాత ఖాళీ.

ఆశీస్సులతో,
మీ అత్త