చిల్లరషేర్లకు వెలకట్టు విధము

బియ్యము బస్తాగా కొన్న నొక ధర, మానికతో కొలిపించుకొన్న మరియొక ధర. ఇది మన పిల్లలందరు నెరిగినదే. అంగడివాడు బస్తా విప్పి, కొలిచి, మిగిలినదానిని మరియొకరు వచ్చువరకు కాపాడవలెను గనుక ఆ శ్రమకు కొంత చేర్చుకొనును. షేర్ల బజారునందును ఇట్టి వ్యవహారము చిరకాలము నడచినది. అయితే అచ్చట నొక విశేషము: చిల్లరగా కొనువాడు హెచ్చు ఇచ్చుటయే గాక, చిల్లరగా అమ్మువాడు తక్కువ పుచ్చుకొనవలసి యుండెను. ఆ హెచ్చుతగ్గులను ఎవరు, ఏ యాధారముమీద నిర్ణయించిరో విచారింతము.

కంపెనీ మూలధనములో నొక భాగమునకు షేరని పేరు. షేర్లను ఒక్కొక్కటిగా గాక నియతసంఖ్యగల కట్టలుగా బేరమాడుట స్టాకు ఎక్స్ఛేంజీల పూర్వాచారము. న్యూయార్కు ఎక్స్ఛేంజిలో సాధారణముగా 100 షేర్లు ఒక కట్ట. అంతకు తక్కువైనదానిని ‘ఆడ్ లాట్’ అనిరి. మనము చిల్లరకట్ట యందము. 20 షేర్లు కొనగోరు గుమాస్తాకు సరిగా 20 అమ్మువాడు ఆ క్షణముననే దొరకుట అరుదు. కావున చిల్లరవ్యాపారమే వృత్తిగాగల డీలర్లు అచ్చట నేర్పడిరి. వీరికిని దళారులకును భేదము కలదు. దళారి ఒకరి పక్షమున బేరముచేసి రుసుము పుచ్చుకొనును. డీలరు తన సొంత నిలువనుండి అమ్మును, తన సొమ్ముతో కొనును. ఒకరియొద్ద 15, మరియొకరియొద్ద 30 కొని, వేరొకరికి 20 అమ్మి, ఇట్లు దినమంతయు సర్దుకొనును. తక్కువపడినచో పెద్ద బేరములో నూరుషేర్ల కట్టను కొని విప్పును. మిగిలినచో కట్టగట్టి అమ్మును. ఈలోగా ధర మారినచో ఆ నష్టము వానిదే.

20వ శతాబ్దపు మధ్యకాలమున వారు వెలకట్టిన పద్ధతి గమనింపదగినది. చిల్లర ఆర్డరు బేరశాలకు చేరిన పిదప, ఆ కంపెనీ షేర్లలో మొట్టమొదట జరిగిన పూర్తికట్ట బేరము ఏ ధరకు కుదిరెనో అదియే ఆధారము. కొనువాడు దానిపై షేరునకు డాలరులో ఎనిమిదవ వంతు, అనగా పన్నెండున్నర సెంట్లు, హెచ్చుగా నిచ్చును. అమ్మువాడు అంతే తక్కువగా పొందును. హెచ్చుధరగల షేర్లకు ఈ తేడా డాలరులో నాలుగవ వంతు. దళారి రుసుము వేరు.

ఆధారధర 32 డాలర్లనుకొందము. 20 షేర్లకు 640 డాలర్లు కావలసియుండగా కొనువాడిచ్చునది 642 డాలర్ల 50 సెంట్లు. అదే ధరకు మరల అమ్మినచో చేతికి వచ్చునది 637 డాలర్ల 50 సెంట్లు. రెండు బేరములకు కలిసి 5 డాలర్లు పోయినవి. పై తరగతుల విద్యార్థులు మరియొక లెక్క వేసి చూడవచ్చును. డాలరులో ఎనిమిదవ వంతు, 32 డాలర్ల షేరులో 256వ భాగము. 8 డాలర్ల షేరులోనో 64వ భాగము. చౌకషేరు కొన్నవానిపై నాలుగురెట్ల భారము! అట్టి షేర్లను కొనువారిలో స్వల్పాదాయముగల వారును ఉందురు గదా.

అయినను ఆ పద్ధతిలో నాకు మెచ్చదగినదిగా తోచునది యొకటి కలదు. ఆధారధరను డీలరు చెప్పడు. ఆర్డరు చేరిన తరువాత బేరశాలలో కుదిరిన ధరయే దానిని తేల్చును. అమాయకుని మొగము చూచి ఒక ధర, గడుసువానిని చూచి ఒక ధర చెప్పుటకు వీలులేదు. 1976లో ఎక్స్ఛేంజియే ఈ వ్యవహారమును చేపట్టెను. 2001లో వంతుల లెక్కయే పోయి ధరలు సెంట్లలోనికి మారినవి.

మన దేశమున షేర్లు కాగితపుపత్రములుగా నున్న కాలమున ఈ సదుపాయము లేదు. 10 రూపాయల ముఖవిలువగల షేర్లకు సాధారణముగా 50 గాని 100 గాని ఒక కట్ట. చిల్లర ఎట్లు పుట్టెడిదన, పలుమార్లు కంపెనీల యౌదార్యమువలననే! 3 షేర్లకు 1 చొప్పున బోనసు ప్రకటించినచో, 100 గలవానికి 33 వచ్చును. మిగిలిన మూడవ వంతునకు నగదు ముట్టును. ఆ 33 షేర్లను అమ్మబోయినచో పత్రికలో నచ్చయిన ధర వానికి వర్తింపదు. కొనువాడు బదిలీపత్రము, స్టాంపులు, సంతకము సరిపోలక కంపెనీ త్రిప్పి పంపునేమో యను భయము, కట్ట నిండువరకు సొమ్ము నిలిచిపోవుట, ఇవన్నియు లెక్కించి ధర తగ్గించెడివాడు. ఇవి నిజమైన ఖర్చులే. కాని ఎంత తగ్గింపవలెనో చెప్పు స్థిరమైన వంతు లేదు. బేరమాడనేర్చినవానికి కొంత, నేరనివానికి మరికొంత పోయెడిది. తగ్గింపుకంటె ఈ యనిశ్చయమే పెద్ద అన్యాయమని నా యభిప్రాయము.

1996లో డిపాజిటరీల చట్టము వచ్చి షేర్లు పత్రములను విడిచి ఖాతాలలోని అంకెలైనవి. దీనినే డీమాట్ అందురు. పత్రము చింపి పంచు పనియు, కలిపి కట్టు పనియు పోగా, ఒక్క షేరే కట్ట యైనది. నేడు 33 షేర్లు అమ్మువానికిని 3,300 అమ్మువానికిని బజారు ధర యొక్కటే. అయితే దళారి కనీసరుసుము పెట్టినచో చిన్న బేరముపై అది బరువుగా పడును.

ఇక తాతలనాటి పత్రములు పెట్టెలలో నున్న కుటుంబముల మాట. 2019 ఏప్రిలు 1వ తేదీనుండి ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీల షేర్లను కాగితపురూపమున ఇతరులకు అమ్మి బదిలీ చేయుటకు సాధారణముగా వీలులేదు. అట్టివారు తొలుత డీమాట్ ఖాతా తెరచి, కంపెనీ రిజిస్ట్రారు ద్వారా పత్రములను దానిలోనికి మార్పించుకొనవలెను. షేరుదారు గతించియున్నచో, వారసుల పేరు నమోదగుట అంతకు ముందు జరుగవలసిన పని.