గొంతు గడ్డకు స్కానింగు

గొంతు ముందు గడ్డ లేస్తే కొందరికి డాక్టరమ్మ థైరాయిడ్ స్కానింగు రాస్తుంది. ఇది ఎక్స్‌రే కాదు. ఎక్స్‌రేలో కిరణాలు మిషను నుంచి వస్తాయి. ఇందులో మన ఒంట్లోంచే వస్తాయి! ఎలాగంటే, ముందుగా చేతి నరానికి టెక్నీషియం అనే మందు ఎక్కిస్తారు. అది రక్తంలో కలిసి గొంతులోని థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే కిరణాలను గామా కెమెరా బొమ్మగా చూపుతుంది.

గడ్డ మందును పీల్చుకోకపోతే బొమ్మలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. అలాంటి గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావు. కొన్ని కావచ్చు. అందుకే సూది గుచ్చి, కొంచెం తీసి పరీక్ష చేస్తారు.

మందులోని కిరణాల శక్తి 6 గంటలకు సగమవుతుంది. మరో 6 గంటలకు అందులో సగం.

నెల తప్పినట్టు అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఇంజెక్షనుకు ముందే చెప్పాలి. సిగ్గుపడి ఊరుకోకూడదు. పాలు ఎన్ని గంటలు ఆపాలో వాళ్లే చెబుతారు.